జీతం, విడుదల, సాక్ష్యం: దేవుని కృపను స్తుతించడమంటే

(దిబ్బూరహళ్ళిలో జరిగిన కృతజ్ఞతా కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



చింతామణి వైపు నుండి, బాగేపల్లి వైపు నుండి, శిడ్లఘట్ట, చిక్కబళ్ళాపురం వైపు నుండి వచ్చారు. పగలంతా పని చేసుకుని ఈ కూడికకు వచ్చినవాళ్ళే ఎక్కువమంది. అందుకే సూటిగా విషయానికి వస్తాను. దేవుని కృపను బట్టి ఆయనను స్తుతించడానికి మనం ఇక్కడ కూడుకున్నాం. ఆ కృప అంటే ఏమిటో, దాన్ని స్తుతించినవాడు ఆ తర్వాత ఎలా బతకాలో మూడు మాటల ద్వారా ఆలోచిద్దాం.

ముందుగా మీ బైబిళ్ళలో 136వ కీర్తన తీయండి. దాంట్లో 26 వచనాలున్నాయి. ప్రతి వచనంలోనూ సగం ఒక మాటే. ఆయన కృపకు అంతు లేదని 26 సార్లు చెప్పిస్తుంది ఆ కీర్తన. ఒకరు ముందు చెబితే జనమంతా జవాబు పలికేలా కూర్చిన పాట అది. చదువు రానివాళ్ళు కూడా పాడగలరు. పుస్తకం అక్కర్లేదు, జవాబు ఒక్కటి గుర్తుంటే చాలు.

అయితే ఆ జవాబుకు ముందు వచ్చే సగాన్ని కూడా చూడాలి. అక్కడ ఏమున్నది? మొదట ఆకాశం, భూమి, సూర్యుడు, చంద్రుడు. ఆ తర్వాత ఐగుప్తు, ఎర్ర సముద్రం, ఫరో. ఆ పైన అరణ్యం, సీహోను, ఓగు అనే రాజులు. చివరికి వచ్చేసరికి, దీనదశలో ఉన్న మనల్ని దేవుడు తలచుకున్నాడనీ, బాధించేవాళ్ళ చేతిలో నుండి తప్పించాడనీ, ప్రాణమున్న ప్రతిదానికీ ఆహారం ఇస్తున్నాడనీ ఉన్నది. అంటే కృప అని ఊరికే అనలేదు. ఎక్కడ, ఎవరి చేతిలో నుండి, ఎవరిని విడిపించాడో ఒక్కొక్కటిగా లెక్క చెప్పి, ప్రతి లెక్కకూ స్తోత్రం చెల్లించారు. ఈ పాటలో విడుదల పొందినవాళ్ళు ఐగుప్తులో ఇటుకలు చేసిన బానిసలు. ఇటుకల బట్టీ అంటే ఏమిటో ఇక్కడ కూర్చున్నవాళ్ళలో కొందరికి నేను చెప్పాల్సిన పని లేదు.

ఆ కీర్తనలో కృప అని మనం చదివే చోట హెబ్రీ భాషలో ఉన్న మాట హెసెద్. మాట ఇచ్చి ఆ మాట మీద నిలబడే ప్రేమ అది. కోపం వస్తే పోయేది కాదు. కనికరం అని మనం చదివే చోట చాలాసార్లు ఉండే మరో హెబ్రీ మాట రహమీమ్. ఆ మాట గర్భం అనే మాటకు చుట్టం. మన ఇళ్ళలో అమ్మలకు ఇది వెంటనే అర్థమవుతుంది. దాన్నే మనం కడుపుతీపి అంటాం. బిడ్డ తప్పు చేసినా, దూరం పోయినా కడుపు ఊరుకోదు. దేవునికి మన మీద ఉన్నది అలాంటి కడుపుతీపి అని బైబిలు చెబుతున్నది.

ఇక మూడు మాటలు. మన సీమలో ఆఫీసు కన్నడంలో నడుస్తుంది, ఇల్లు తెలుగులో నడుస్తుంది. పిల్లల పుస్తకం కన్నడం, మన బైబిలు తెలుగు. ఈ మూడు మాటలు గుడిలోనూ ఉన్నాయి, బయటా ఉన్నాయి. గుడిలో ఒక అర్థం, బయట ఇంకో అర్థం అనుకుని మనం వాటిని విడదీశాం. దేవుడు విడదీయలేదు.

మొదటి మాట: జీతం

బెంగుళూరులో ఉద్యోగం చేసే పిల్లవాడికి జీతం అంటే నెలాఖరుకు బ్యాంకులో పడే డబ్బు. అదే మాటను ఇక్కడి పెద్దవాళ్ళను అడగండి. 'వాణ్ణి జీతానికి పెట్టినారు' అంటే ఆ పిల్లవాడి బాల్యం అయిపోయిందని అర్థం. ఇంట్లో పెళ్ళికో, జబ్బుకో, చావుకో పెద్ద రైతు దగ్గర అప్పు తెస్తారు. తీర్చే దారి ఉండదు. అప్పుకు బదులుగా ఇంట్లో ఒకరు వాళ్ళ దొడ్లో పనికి కుదురుకోవాలి. గొడ్లు కాయాలి, పేడ ఎత్తాలి, మడక దున్నాలి. తిండి పెడతారు, ఏడాదికి ఒక జత బట్టలు ఇస్తారు. వడ్డీ ఎంత, తీరింది ఎంత, ఆ లెక్క అప్పు ఇచ్చినవాడి దగ్గరే ఉంటుంది. తండ్రి పోతే కొడుకు ఆ లెక్కలోకి వస్తాడు. కన్నడంలోనూ ఆ మాట జీతమే. ప్రభుత్వ కాగితాల్లో వెట్టిచాకిరీకి అదే పేరు.

దీంట్లో ఒక మోసం ఉన్నది. అప్పు ఇచ్చిన రోజు అది దయలాగే కనిపిస్తుంది. 'కష్టకాలంలో ఆయనే ఆదుకున్నాడు సామీ, ఆయన దయతోనే కూతురి పెళ్ళి చేసినాను' అని చేతులు జోడిస్తాం. ఆ దయ మెడకు తాడవుతుంది. తరతరాలుగా మనకు తెలిసిన దయ ఇదే. అందుకే దేవుని దయ గురించి విన్నప్పుడు కూడా లోపల ఒక భయం ఉంటుంది. ఆయన కూడా ఒక పెద్ద యజమాని, ఇచ్చిన మేలుకు చాకిరీ చేయించుకుంటాడు, కొంచెం తక్కువైతే లెక్క తీస్తాడు అని.

ఇప్పుడు రోమా పత్రిక ఆరో అధ్యాయం చివరి వచనం చూడండి. పాపానికి ఫలితం మరణమని చెప్పే ఆ చోట మన తెలుగు బైబిలు వాడిన మాట ఏది? జీతము. పౌలు రాసిన గ్రీకు మాటకు సైనికుడికి ఇచ్చే బత్తెం అని అర్థం. కానీ ఆ అధ్యాయమంతా దాసుల గురించే, ఎవరి చేతికింద ఎవరున్నారనే దాని గురించే మాట్లాడుతుంది. కాబట్టి మన సీమ చెవితో దాన్ని వింటే దారి తప్పినట్టు కాదు. పాపం జీతానికి పెట్టుకునే యజమాని. చేసిన చాకిరీకి చివరికి చేతిలో పెట్టేది చావు. అదే వచనం రెండో సగంలో దేవుడిచ్చేదానికి జీతం అనలేదు, కృపావరం అన్నది. వరం అంటే తిరిగి కట్టనక్కరలేనిది. దేవుడు మనల్ని ఒక యజమాని నుండి విడిపించి ఇంకో లెక్కల పుస్తకంలో ఎక్కించుకోలేదు. పుస్తకమే మూసేశాడు. కొలొస్సయుల పత్రిక రెండో అధ్యాయంలో పౌలు, మన మీద ఉన్న అప్పు పత్రాన్ని దేవుడు సిలువకు మేకులతో కొట్టాడని చెబుతాడు. ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేసిన చెయ్యికి ఆ మాట ఎంత పెద్దదో తెలుస్తుంది.

అందుకే మనం స్తోత్రం చెల్లిస్తున్నాం. ఇది మొదటి సంగతి. దేవుని కృప అప్పు కాదు.

రెండో మాట: విడుదల

వెట్టిలో నుండి బయటపడిన మనిషికి ప్రభుత్వం ఒక కాగితం ఇస్తుంది. కన్నడంలో దాన్ని బిడుగడె పత్ర అంటారు. బిడుగడె, విడుదల ఒకే వేరు నుండి వచ్చిన మాటలు. మనం గుడిలో 'ప్రభువు నాకు విడుదల ఇచ్చినాడు' అని చెప్పే మాటే ఆ కాగితం మీద ఉన్నది.

రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా వచ్చి, 1976లో చట్టమైన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఏం చెప్పిందో జ్ఞాపకం పెట్టుకోండి. వెట్టికి మూలమైన అప్పు తగ్గుతుందని చెప్పలేదు, వాయిదాలలో కట్టమని చెప్పలేదు. ఆ అప్పు కట్టే బాధ్యతే రద్దయిపోయిందని చెప్పింది. ఆ అప్పుకు తాకట్టు పెట్టిన ఆస్తి తిరిగి రావాలని చెప్పింది. ఉంటున్న ఇంటి నుండి వెళ్ళగొట్టకూడదని చెప్పింది. రద్దయిన అప్పును మళ్ళీ వసూలు చేసుకుంటే జైలు అని చెప్పింది. ఇది వెట్టి అప్పు అని కూలి మనిషి అంటే, కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పు ఇచ్చినవాడే అని కూడా చెప్పింది. ఎప్పుడూ పేదవాడినే రుజువు అడిగే లోకంలో ఇది చిన్న సంగతి కాదు. 1982లో సుప్రీంకోర్టు ఇంకొక అడుగు వేసి, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం కూడా 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అన్నది.

చట్టం రాసినంత మాత్రాన ఎవరూ విడుదల కాలేదు. కూలోళ్ళు కలిసి కూర్చుని అడిగిన చోటనే అది కదిలింది. 1977లో బాగేపల్లిలో మొదలైన అడాట్స్ సంస్థ, దాని తోడుతో ఊరూరా కట్టుకున్న కూలీ సంఘాలు ఈ తాలూకాలలో ఆ పని చేసినవాటిలో ఉన్నాయి. గుంపుగా కూర్చోవడం, తమ డబ్బు తామే కూడబెట్టుకోవడం, లెక్క తామే చూసుకోవడం కూలోళ్ళు నేర్చుకున్నారు. లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉంటుందో వాడి చేతిలోనే మన బతుకు ఉంటుంది కదా.

ఇదంతా రాజకీయం, వాక్యం చెప్పండి అని ఎవరైనా అనుకుంటే, వాక్యమే చెబుతాను. ద్వితీయోపదేశకాండం 15వ అధ్యాయం ఏడేళ్ళకొకసారి అప్పులు విడిచిపెట్టమని ఆజ్ఞాపిస్తుంది. దాసుడిగా ఉన్నవాణ్ణి విడిచిపెట్టేటప్పుడు వట్టి చేతులతో పంపవద్దని, మందలో నుండి, కళ్ళంలో నుండి, ద్రాక్షగానుగలో నుండి ఇచ్చి పంపమని చెబుతుంది. కారణం కూడా చెబుతుంది: నువ్వూ ఐగుప్తులో దాసుడవే, మరచిపోవద్దు. విడుదలతోపాటు బతకడానికి ఆధారం కూడా ఇవ్వాలన్న ఈ ఆలోచన మన ప్రభుత్వం 2016లో సవరించిన పునరావాస పథకంలోనూ ఉన్నది. పెద్దవాడైన మగమనిషికి లక్ష, ఆడవాళ్ళకు, పిల్లలకు రెండు లక్షలు, మరీ ఘోరమైన దోపిడీకి గురైనవాళ్ళకు మూడు లక్షల రూపాయలు అని ఆ పథకం చెప్పింది. లేవీయకాండం 25వ అధ్యాయం యాభయ్యో ఏట పోయిన భూమి తిరిగి రావాలంటుంది. మోషే పేరున ఉన్న గ్రంథాల్లో కృప ఇంత మట్టి మీద నడుస్తుంది.

నెహెమ్యా ఐదో అధ్యాయం మరీ దగ్గరగా ఉంటుంది. కరువు వచ్చింది. జనం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్ళు తాకట్టు పెట్టారు. రాజుకు శిస్తు కట్టడానికి అప్పు చేశారు. కొడుకుల్ని, కూతుళ్ళను దాస్యానికి పంపారు. అప్పు ఇచ్చినవాళ్ళు పరాయివాళ్ళు కాదు, సొంత జాతివాళ్ళు. ఆడవాళ్ళు, మగవాళ్ళు కలిసి మొర పెట్టారు. నెహెమ్యాకు కోపం వచ్చింది. కోపం వచ్చిందని బైబిలు దాచలేదు. ఆయన సభ పిలిచి, అందరి ముందు అడిగాడు. అప్పు ఇచ్చినవాళ్ళు నోరెత్తలేకపోయారు. పొలాలు, ఇళ్ళు, వడ్డీ తిరిగి ఇచ్చేస్తామని ఒప్పుకున్నారు. అప్పుడు సమాజమంతా ఆమేన్ అని యెహోవాను స్తుతించిందని రాసి ఉన్నది.

ఆ వరుస గమనించండి. ముందు మొర వచ్చింది, తర్వాత సభ జరిగింది, ఆ తర్వాత తిరిగి ఇస్తామనే మాట వచ్చింది. స్తుతి ఆఖరున వచ్చింది. మొరను వినకుండా, పొలం తిరిగి ఇవ్వకుండా నేరుగా స్తుతికి వెళ్ళిపోవాలని మనం ఆశపడతాం. అది చవకైన దారి.

లూకా సువార్తలో కూడా ఇదే కనిపిస్తుంది. 18వ అధ్యాయంలో యెరికో దారిలో ఒక గుడ్డివాడు కరుణించమని కేక వేస్తాడు. ముందు నడిచేవాళ్ళు నోరు మూసుకోమంటారు. యేసు ఆగుతాడు. ఆ వెంటనే 19వ అధ్యాయంలో అదే ఊళ్ళో జక్కయ్య. అతని ఇంటికి యేసు వెళ్ళడమే కృప. ఆ కృప దొరికిన మనిషి ఏం చేశాడు? సగం ఆస్తి పేదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. అడుక్కునేవాడి కేకకు కృప దొరికింది, దోచినవాడికీ కృప దొరికింది. కేక వేసినవాడికి చూపు వచ్చింది. దోచినవాడి పెట్టె తెరుచుకుంది. కృప ఒకటే, కానీ అది ఇద్దరి దగ్గరా ఒకేలా పని చేయదు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. మత్తయి 18వ అధ్యాయంలో యేసు చెప్పిన కథ మీకు తెలుసు. ఒక దాసుడు పదివేల తలాంతులు బాకీ ఉన్నాడు. లెక్క వేద్దాం. ఒక తలాంతు అంటే ఆరువేల దేనారాలు. ఒక దేనారం ఒక రోజు కూలి. పదివేల తలాంతులంటే ఆరు కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పని దొరికినా రెండు లక్షల ఏళ్ళు పడుతుంది. అంటే ఎప్పటికీ తీరదు. యజమాని దాన్ని మొత్తం కొట్టేశాడు. అక్కడ యజమాని కనికరపడ్డాడు అనే చోట గ్రీకులో ఉన్న మాటకు పేగులు కదలడం అనే అర్థం ఉంది. మనం కడుపు తరుక్కుపోయింది అంటాం కదా, అదే.

ఆ దాసుడు బయటికి వచ్చి, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుడి గొంతు పట్టుకున్నాడు. నూరు దేనారాలు చిన్న మొత్తం అని ప్రసంగాల్లో అంటుంటాం. కూలివాడికి అది చిన్నది కాదు, నూరు రోజుల కూలి. యేసు ఆ నష్టం లేదనలేదు. దానితో పోలిస్తే నీకు మాఫీ అయినది ఎంతో చూడు అన్నాడు.

జీతం అనే మాట ఇప్పుడు తగ్గింది. దాని స్థానంలో అడ్వాన్సు అనే మాట వచ్చింది. ఇటుకల బట్టీలో, పట్టుదారం తీసే చోట, కోళ్ళఫారంలో అడ్వాన్సు తీసుకున్నవాడు వెళ్ళిపోవడానికి వీల్లేదంటే అది ఏ పేరుతో పిలిచినా పాత జీతమే. ఆడవాళ్ళ గుంపు అప్పుల కంతు తప్పితే ఇంటి ముందు కూర్చుని పరువు తీసే వసూళ్ళు ఇంకొక రూపం. అలాంటి బలవంతపు వసూళ్ళను శిక్షార్హం చేస్తూ కర్ణాటక ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో ఆర్డినెన్సు తేవాల్సి వచ్చిందంటే బాధ ఎంత ముదిరిందో తెలుసుకోవచ్చు. ఒక కంతు తప్పిన అక్క ఇంటికి కంపెనీ మనిషితోపాటు వెళ్ళి గొంతు పెంచేది ఎవరు? అదే గుంపులోని మిగతా అక్కలు. ఆదివారం ఒకే చాప మీద కూర్చుని పాడేవాళ్ళు. వాళ్ళ భయం నాకు తెలుసు, వాళ్ళ మీదికీ ఆ బాకీ వస్తుంది. అయినా నూరు దేనారాల కోసం గొంతు పట్టుకునే చోట మనం నిలబడకూడదు. గుంపంతా కలిసి ఆ అక్క పక్కన నిలబడి వసూలుకు వచ్చినవాడితో మాట్లాడవచ్చు. విశ్వాసి విశ్వాసికి వడ్డీకి ఇచ్చే డబ్బు సంగతి కూడా ఇంతే. మత్తయిలోని పరలోక ప్రార్థనలో మన బైబిలు వాడిన మాటలు ఋణములు, ఋణస్థులు అనేవి. ఆ ప్రార్థన నోటికి వచ్చినవాళ్ళం మనం.

మూడో మాట: సాక్ష్యం

గుడిలో నిలబడి దేవుడు చేసిన మేలు చెప్పడం సాక్ష్యం. కోర్టులో నిలబడి జరిగింది చెప్పడమూ సాక్ష్యమే. ఈ రెండింటికీ మన భాష ఒకే మాట పెట్టింది. స్తుతి అంటే అసలు సాక్ష్యమే. 136వ కీర్తన అంతా సాక్ష్యమే.

మన దగ్గర కంబాలపల్లి ఉంది. చింతామణి తాలూకాలోని ఆ ఊళ్ళో 2000వ సంవత్సరం మార్చి 11న ఏడుగురు దళితులను ఇళ్ళలోనే నిప్పు పెట్టి కాల్చేశారు. సాక్షులు మాట మార్చారు. 2006లో కింది కోర్టు నిందితులందరినీ నిర్దోషులని విడిచిపెట్టింది. 2014లో హైకోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. ఏడుగురి చావుకు ఎవరికీ శిక్ష పడలేదు. మాట మార్చిన సాక్షులను నేను తప్పుపట్టను. ఆ ఊళ్ళోనో, పక్క ఊళ్ళోనో మళ్ళీ బతకాల్సినవాళ్ళు వాళ్ళు. ఒక సాక్షి ధైర్యంగా నిలబడాలంటే వెనక ఎంతమంది నిలబడాలి? ఆ ప్రశ్న మన సంఘాలకు.

కంబాలపల్లి దగ్గరలో నిలబడి దేవుని కనికరాన్ని స్తుతించేవాడు ఒక్క తప్పు చేయకూడదు. దెబ్బ తిన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి 'క్షమించండి, మరచిపోండి, దేవుడు కనికరం గలవాడు' అని చెప్పకూడదు. తప్పు జరిగిందని ఎవరూ ఒప్పుకోని చోట క్షమాపణ ఎవరికి ఇవ్వాలి? 85వ కీర్తన కృపను సత్యంతో కలుపుతుంది, నీతిని సమాధానంతో కలుపుతుంది. ఆ నాలుగూ కలుసుకునే చోటే రక్షణ అని ఆ కీర్తన నమ్మకం. సత్యం లేకుండా కృప ఒక్కటే వస్తే, అది ఆ ఊరి పెద్దమనుషుల పంచాయితి అవుతుంది. దేవుని కృప కాదు.

మత్తయి 18లో ఇంకొక సంగతి మనం తరచూ దాటేస్తాం. ఆ దాసుడు తోటివాడి గొంతు పట్టుకున్నప్పుడు మిగతా దాసులు చూశారు. వాళ్ళకు దుఃఖం కలిగింది. వెళ్ళి జరిగిందంతా యజమానికి చెప్పారు. వాళ్ళు సాక్షులు. చాడీలు చెప్పారని యేసు వాళ్ళను తప్పుపట్టలేదు. కనికరం నిలబడాలంటే జరిగింది చెప్పేవాళ్ళు కావాలి. ఆ కథలో వాళ్ళు లేకపోతే తోటి దాసుడు చెరసాలలోనే ఉండిపోయేవాడు.

మరి ఇంత అన్యాయం మిగిలి ఉండగా ఎలా స్తుతించాలి?

ఇది మీలో చాలామంది అడిగే ప్రశ్న. కోర్టులో ఓడినవాళ్ళు, బోరు ఎండిపోయినవాళ్ళు, కాగితం కోసం ఏళ్ళ తరబడి తాలూకాఫీసు చుట్టూ తిరుగుతున్నవాళ్ళు ఇక్కడ ఉన్నారు. వాళ్ళకు నా దగ్గర ఒక్క జవాబే ఉన్నది. లూకా మొదటి అధ్యాయంలో మరియ పాడిన పాట చూడండి. దాంట్లో రెండుసార్లు దేవుని కనికరం పేరు వస్తుంది. బలవంతులను సింహాసనాల నుండి దించాడని, ఆకలిగొన్నవాళ్ళను తృప్తిపరచాడని జరిగిపోయినట్టే పాడుతుంది. అప్పటికి హేరోదు సింహాసనం మీదే ఉన్నాడు. రోమా పన్నులు అలాగే ఉన్నాయి. ఆమె చేతిలో ఇంకా బిడ్డ కూడా లేడు. గెలిచిన తర్వాత పాడిన పాట కాదది. ఎవరి పక్షాన దేవుడున్నాడో తెలిసినందుకు పాడిన పాట.

ఫరో ఇంకా ఉన్నా, యజమాని చెప్పేదే ఆఖరి మాట కాదని స్తుతి చెబుతుంది. నేను ఎవరి లెక్కల పుస్తకంలోనూ లేను, దేవుని అరచేతిలో ఉన్నాను అని చెబుతుంది. యజమాని పొగడ్త మాత్రమే పలకడానికి అలవాటు పడ్డ నోరు దేవుణ్ణి పొగడడం మొదలుపెడితే, ఆ నోరు తర్వాత తాలూకాఫీసులో కూడా తెరుచుకుంటుంది. అందుకే కూలోళ్ళ స్తుతి అంటే పెద్దలకు ఎప్పుడూ కొంచెం గుబులు.

ఇక ఇంటికి వెళ్ళేముందు చేయగలిగిన పనులు కొన్ని చెబుతాను.

మీ ఊళ్ళో అడ్వాన్సు పేరుతో కట్టిపడేసిన మనిషి ఉంటే, ఒంటరిగా పంపకుండా నలుగురు కలిసి తహసీల్దారుకు గానీ, జిల్లాధికారికి గానీ రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. వెట్టి చట్టం కింద జిల్లాకూ, సబ్ డివిజను స్థాయిలోనూ విజిలెన్స్ కమిటీలు ఉండాలి. అవి కూర్చుంటున్నాయా లేదా అని అడగండి. ఇచ్చిన అర్జీకి నకలు, అందినట్టు ముద్ర తీసుకోండి.

వకీలుకు డబ్బు లేదని ఆగిపోవద్దు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం షెడ్యూల్డ్ కులాలు, తెగలవాళ్ళకు, ఆడవాళ్ళకు, పిల్లలకు, వెట్టి బాధితులకు ఉచిత న్యాయసహాయం హక్కు. అది ఎవరి దయా కాదు.

మీ సంఘంలో ఎవరైనా కోర్టులో సాక్ష్యం చెప్పాల్సి ఉంటే, ఆ రోజు ఆయనతోపాటు బస్సెక్కండి. కోర్టు ఆవరణలో పదిమంది మౌనంగా కూర్చున్నా చాలు. ఆదివారం సాక్ష్యానికి ఆమేన్ చెప్పిన నోళ్ళు ఆ రోజు కూడా తోడుండాలి.

మీలో ఎవరికైనా తోటి విశ్వాసి బాకీ ఉంటే, ఈ వారం వడ్డీ గురించి ఒకసారి ఆలోచించండి. వదిలేయగలిగితే వదిలేయండి. వదిలేసి దాన్ని సాక్ష్యంగా అందరి ముందు చెప్పుకోవద్దు. తీసుకున్నవాడి పరువు అప్పు కన్నా పెద్దది.

ప్రియులారా, మనం ఎన్నో ఏళ్ళుగా ఎవరో ఒకరి దయ మీద బతికాం. ఆ దయ మన పిల్లల్ని జీతానికి తీసుకున్నది. దేవుడు తన కృపతో మన వద్దకు వచ్చినప్పుడు పిల్లల్ని తీసుకోలేదు, తన కుమారుణ్ణి ఇచ్చాడు. ఆ తేడా తెలిసినవాళ్ళుగా ఇప్పుడు లేచి నిలబడి, మీకు దొరికిన ఒక్కొక్క విడుదలను పేరు పెట్టి చెప్పండి. ఏ ఊరు, ఏ ఏడు, ఎవరి చేతిలో నుండి అనేది చెప్పండి. మిగతావాళ్ళం ఆమేన్ అంటాం. ఇంకా విడుదల దొరకనివాళ్ళు కూడా చెప్పండి. వాళ్ళ మొర విని, వాళ్ళ పక్కన నిలబడతామని దేవుని ముందు ఒప్పుకుందాం.

కనికరసంపన్నుడైన దేవునికే స్తోత్రం. ఆమేన్.